ఒంటిగంటకి ఆగే గుండె

నలభై రోజులు కోట్లు తొడుక్కుని పనిచేశాం. ఆ తర్వాత తొమ్మిదే రోజుల్లో మా పదిహేనేళ్ల బతుకు తేల్చి చేతిలో పెట్టారు.

కోటంటే పెళ్లికొడుకు కోటు కాదు. చేతుల్లేని బనీను లాంటిది. లోపలంతా వెంట్రుకంత సన్నటి తీగలు, చేతులకి పల్చటి తొడుగులు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎంత లోతుకి పోతోంది, స్పానరు పట్టినప్పుడు ఏ వేలు ఎంత నొక్కుతోంది, పూటకి నడుం ఎన్నిసార్లు వంగింది, అంతా అందులోకి ఎక్కుతుంది. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్లు దాన్నిబట్టి మనిషికి నీడ తయారుచేస్తారు. నీడ అన్నది వాళ్లు పెట్టుకున్న పేరే. కంప్యూటర్లో మా ఫ్యాక్టరీ లాంటిదే ఇంకో ఫ్యాక్టరీ కట్టి అందులోకి ఈ నీడల్ని వదులుతారు. అవి పంపులు విప్పుతాయి, వాల్వులు బిగిస్తాయి, అలిసిపోతాయి, ముసలైపోతాయి. బయట తొమ్మిది రోజులు గడిస్తే లోపల పదిహేనేళ్లు.

ఈ తతంగమంతా ఎందుకంటే, మా ఎరువుల ఫ్యాక్టరీ యార్డు పనంతా ఒకే చేతికి అప్పజెప్పాలనుకుంది. పంపులు, పైపులు, కంప్రెసర్లు, అమ్మోనియా యార్డు, అన్నీ. అప్పటిదాకా ఏడాదికో కాంట్రాక్టరు వచ్చేవాడు. ఏ వాల్వుకి ఏ రోగమో తెలుసుకునేలోపు వాడి ఏడాది అయిపోయేది. వాడు అడ్డదిడ్డంగా బిగించిపోయినదాన్ని వచ్చే ఏడాది ఇంకొకడి కింద విప్పేది మేమే. కాబట్టి పదిహేనేళ్లకి ఒకే భాగస్వామి అన్న మాట వినగానే నేను కాదనలేదు. అది మంచి మాటే. ఎవరా భాగస్వామి అన్నదే గొడవ.

చివరికి ఇద్దరం మిగిలాం. ఒకటి హైదరాబాదు పెద్ద కంపెనీ, పదకొండు ఫ్యాక్టరీల్లో పని చేస్తున్నది. రెండోది రేవుదిబ్బ ఫిట్టర్ల సహకార సంఘం. రెండువందల పన్నెండు మందిమి. నేను దాని కార్యదర్శిని.

రంగుల పుస్తకాలూ ఉపన్యాసాలూ నేను చూడను, నీడలు ఏం చెబితే అదే అన్నాడు మేనేజరు కోదండపాణి. చెడ్డవాడు కాదు. అతనికి కావలసింది ఒక్కటే లెక్క: పదిహేనేళ్లలో ఫ్యాక్టరీ ఎన్ని గంటలు ఆగుతుంది. ఎవరి నీడల చేతిలో తక్కువ ఆగితే వాళ్లకే పని.

మా నీడల చేతిలో నూట తొంభై గంటలు ఆగింది. పెద్ద కంపెనీ చేతిలో రెండువందల నలభై. గెలిచాం. రేవుదిబ్బలో ఆ సాయంత్రం చేపల పులుసు వాసన రాని ఇల్లు లేదు.

మర్నాడు ప్రయోగశాల నుంచి డాక్టర్ హైమవతి కబురు చేసింది. నన్నొక్కణ్ణే రమ్మంది.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కాళ్లకి కాన్వాసు బూట్లు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. కూర్చోమని కూడా అనకుండా గోడ మీది తెర వైపు చెయ్యి చూపించింది.

"మీ నాలుగువందల పద్దెనిమిదో నంబరు మనిషిని నేను చూడాలి," అంది. "రోజూ ఒంటిగంటకి అతని గుండె ఆగిపోతుంది. నాలుగు నిమిషాలు. మళ్లీ కొట్టుకుంటుంది."

నాకు నవ్వొచ్చింది. బిగబట్టుకున్నాను.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. ఈ మనిషి పొద్దుట కుడిచేత్తో పనిచేస్తాడు, మధ్యాహ్నం ఎడమచేత్తో. పొద్దుట నట్టుని ఒక్క లాగులో బిగిస్తాడు, మధ్యాహ్నం పావు చుట్టు తిప్పి ఆగి, అరచెయ్యి ఆనించి చూసి, ఎదురుగా ఉన్న నట్టు పావు చుట్టు తిప్పుతాడు. సాయంత్రం ఐదింటికి కూడా పొద్దుటంత తాజాగా ఉంటాడు. అమ్మోనియా యార్డు మొత్తం ఇతని మీదే నిలబడింది, మీ సంఘం గెలిచింది కూడా ఇతని వల్లే అంది. మెడికల్ కాలేజీ వాళ్లకి కూడా ఉత్తరం రాయబోతున్నానంది.

"ఒక్కటే చిక్కు," అని తెర మీద రెండు పట్టీలు చూపించింది. పైది పొద్దుటి పని, కిందది మధ్యాహ్నం పని. ఏడాది ఏడాదికీ పైపట్టీ సన్నబడుతూ వచ్చింది. ఆరో ఏడు ఆగస్టు నెలలో తెగిపోయింది. ఆ తర్వాత ఖాళీ. కిందపట్టీ మాత్రం పదిహేనేళ్లూ తిన్నగా సాగింది. "ఆరో ఏటి నుంచి ఇతను పొద్దుట రావడం మానేస్తాడు. మధ్యాహ్నం మామూలుగా వస్తాడు. మా లెక్కలో ఎక్కడో తప్పుంది, వెతుకుతున్నాను."

ఆవిడ లెక్కలో తప్పు లేదు. తప్పు నాది. ఇందాకటి నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆరోగ్యం బాగానే ఉందని, మనిషిని పంపిస్తానని ఏదో చెప్పి బయటపడ్డాను.

పూటపాసు సంగతి చెప్పాలి.

మా ఊరి భూమి తీసుకున్నప్పుడు ఫ్యాక్టరీ ఇంటికో గేటు పాసు ఇచ్చింది. ఇద్దరు అన్నదమ్ములుంటే? ఒకడికి పని, ఒకడికి గాలి. దానికి మా వాళ్లే మార్గం వెతుక్కున్నారు. పాసు ఒకటే, పూటలు రెండు. పొద్దుట అన్న, మధ్యాహ్నం తమ్ముడు. శిరస్త్రాణం, కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు కట్టాక యార్డులో అందరూ ఒకటే బొమ్మ. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఊరివాడే, ఆకాశంలోకి చూసేవాడు. ఒకప్పుడు తొమ్మిది ఇళ్లు ఇలా నడిచాయి. కోట్లొచ్చేసరికి మూడు మిగిలాయి. ఒక కోటు ఒక మనిషే అని ప్రయోగశాల వాళ్లు పదిసార్లు చెప్పారు. రెండిళ్ల చేత మాన్పించాను. మూడోది మాత్రం కదపలేదు. పాసుకి తెలియని సంగతి కోటుకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆ మూడో ఇల్లు సూరప్పడిది. పాసు నంబరు నాలుగువందల పద్దెనిమిది. మధ్యాహ్నం పూట అతని తమ్ముడు కాదు. భార్య, అసిరమ్మ.

తొమ్మిదేళ్ల కిందట అమ్మోనియా కారినప్పుడు మిగతావాళ్లు బయటికి పరిగెత్తితే సూరప్పడు లోపలికెళ్లి వాల్వు మూసి వచ్చాడు. అప్పట్నుంచి ఒంటిగంట దాటితే ఊపిరి అందదు. ఆడవాళ్లకి ఆ యార్డులో పని లేదని ఫ్యాక్టరీ నిబంధన. పెరట్లో ఒక పాత వాల్వు పడేసుకుని నెలరోజులు భార్యకి నేర్పాడు. నేర్పింది అతనే, కాని చెయ్యి ఆమెది. చిన్నప్పుడు ఎడమచేతివాటమని అందరిచేతా తిట్లు తిన్న మనిషి. వలకి ఆమె వేసిన ముడి ఆమే విప్పాలి, ఇంకెవరి వల్లా కాదు.

రోజూ ఒంటిగంటకి అసిరమ్మ భోజనం క్యారేజీ పట్టుకుని గేటు పక్క షెడ్డులోకి వస్తుంది. అతను కోటు విప్పుతాడు, ఆమె తొడుక్కుంటుంది. నాలుగు నిమిషాలు. అతను తలకి తుండు చుట్టుకుని, తినని క్యారేజీ పట్టుకుని ఇంటికి పోతాడు. అన్నం తినేది ఇంటికి పోయాకే. రోజూ ఒక ఆడది వస్తాది, ఒక మగోడు పోతాడు, ఈ షెడ్డులో ఏ దేవుడున్నాడో అని వాచ్‌మన్ నవ్వేవాడు.

ఒక్క కోటులోకి రెండు గుండెలు పోసి ప్రయోగశాల వాళ్లు అలసట లేని మనిషిని తయారుచేశారు. ఆ మనిషిలో సగం ఆరో ఏడు ఆగస్టులో చనిపోతుంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సూరప్పడు అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సంఘం గెలిచినందుకు నన్ను మెచ్చుకున్నాడు. పదిహేనేళ్లు మనల్ని కదిపేవాడు లేడన్నాడు. మధ్యలో రెండుసార్లు మాట ఆపి ఊపిరి తీసుకున్నాడు. నీడ సంగతి అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను. అతను నమ్మాడు.

అసిరమ్మ ఎండిన చేపల్ని గంపలోకి ఎత్తుతోంది. నన్ను వీధి చివరిదాకా సాగనంపడానికి వచ్చింది. ఆమె ఎప్పుడూ అలా రాదు.

"ఎడం సెయ్యి ఎంతకాలం పన్జేసింది బావూ, మీ డబ్బాలో?"

"పదిహేనేళ్లూ."

"కుడి సెయ్యో?"

నేను చెప్పులు చూసుకున్నాను. ఆమె తొందరపెట్టలేదు. గంప చంకన పెట్టుకుని అలాగే నిలబడింది. చివరికి ఆగస్టు అని చెప్పాను, ఎన్నో ఏడో చెప్పాను.

"ఆరేళ్లు లేవు మరైతే," అంది. నెమ్మదిగా వేళ్ల మీద ఏదో ఎంచుకుంది. ఏడవలేదు.

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. ముందు సంతకాలు కానిద్దాం, తర్వాత ఏదో వంక పెట్టి అతన్ని మాన్పిద్దాం అన్నాను. రెండువందల పన్నెండు ఇళ్లు నా కళ్ల ముందున్నాయి. లేదంటే సంఘం సభలో పెడదాం, అందరూ కలిసి ఎలా అంటే అలా అని కూడా అన్నాను.

"సంగంలో ఎట్టకు," అంది అసిరమ్మ. "ఎడితే అందరూ సేతులెత్తాల. మా ఆయన్ని బతకనీమని ఎత్తితే రేపు కూడు పోయినపుడు నన్ను తిడతారు. వద్దని ఎత్తితే ఇంక ఈ వీదిలో నడవలేరు. ఆళ్లకెందుకు ఆ కరమ. నువ్వే మొయ్యి."

మర్నాడు మళ్లీ విశాఖపట్నం బస్సెక్కాను. హైమవతికి అంతా చెప్పేశాను, పాసు, షెడ్డు, నాలుగు నిమిషాలు. ఆవిడ మెడికల్ కాలేజీకి రాసిన ఉత్తరం చింపి బుట్టలో వేసింది.

నీడ జాతకం కాదని చెప్పింది. ఇవాళ్టిలాగే సాగితే ఏమవుతుందో అదే చూపిస్తుంది. అతను ఆ యార్డు గాలి పీల్చడం మానేస్తే ఆ పట్టీ ఎక్కడిదాకా పోతుందో ఆవిడకే తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. జరగబోయే నష్టంలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది. సంతకాలయ్యాక మాన్పించడం కుదరదు. పదిహేనేళ్లూ కోట్లు ఒంటి మీదే ఉంటాయి, నెలనెలా మనిషినీ నీడనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. కీలకమైన పది నంబర్లలో ఒక్కటి నీడకి దూరం జరిగినా ఒప్పందం రద్దు. ఆ పదింటిలో మొదటిది నాలుగువందల పద్దెనిమిది.

"అతన్ని తీసేసి నడిపించండి," అన్నాను.

ఈసారి అమ్మోనియా యార్డు ఒక్కటే తిరిగి నడపాలి కాబట్టి మూడు రోజులే పట్టింది. సూరప్పడు లేకుండా, అసిరమ్మ ఒక్కతే రెండు పూటలూ చేస్తే మా నీడల చేతిలో ఫ్యాక్టరీ రెండువందల అరవై ఐదు గంటలు ఆగింది. పెద్ద కంపెనీ కంటే పాతిక ఎక్కువ. ఓడిపోయాం.

వెళ్లిపోబోతూ ఒక సంగతి అడిగాను. మా నీడలు ముసలైపోతున్నాయి, నడుములు పోతున్నాయి. ఆ కంపెనీ నీడలు పదిహేనో ఏడు కూడా పెళ్లికొడుకుల్లా ఉన్నాయి, అదెలాగ? హైమవతి కాఫీ కప్పు కింద పెట్టింది. వాళ్లు రెండేళ్లకొకసారి మనుషుల్ని మారుస్తారంది. పాతవాళ్లని తీసి కొత్తవాళ్లని పెడతారు, నీడల్లోనూ అంతే.

"తీసేసిన నీడలు ఎక్కడికి పోయాయి?"

"ఆపేశాం. వాళ్లని లెక్కించమని ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాను."

ఆవిడ నా వైపు చూసి, అది కమిటీ అడగాల్సిన ప్రశ్న అంది. కాని కాగితం మీద ఏదో రాసుకుంది.

సోమవారం పొద్దుట గేటు దగ్గర నాలుగువందల పద్దెనిమిదో నంబరు పాసు పడలేదు. అమ్మోనియా యార్డు ఫోర్‌మన్ నాకు ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే సూరప్పడు అరుగు మీద ఉన్నాడు, కోపంగా. శిరస్త్రాణం, బూట్లు అసిరమ్మ పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. రాత్రి అతనికి ఆగస్టు సంగతి చెప్పేసిందట.

"నా సావు నన్ను సావనీదు," అన్నాడు నాతో, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. "రెండొందల మంది నోటికాడ కూడు తీసి నేను బతకాలా? నువ్వైనా సెప్పు బావూ దానికి."

అసిరమ్మ గుమ్మంలోంచే జవాబిచ్చింది. "ఆ ఏల అందరూ బైటికి పరిగెడితే నువ్వొక్కడివే లోనికెళ్లావు. ఒకపాలి సాల్దా? ఈపాలి ఆళ్లని ఎళ్లమను."

ఇద్దరి మధ్యా నేనెందుకని వచ్చేశాను. బస్టాండు దాకా నడుస్తూ ఆలోచించాను. ఇక నాకు మిగిలింది మోయడమే.

కమిటీ గురువారం కూర్చుంది. పొడుగు బల్ల, ఏడుగురు మనుషులు, మంచినీళ్ల సీసాలు. నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. కోటులో ఇద్దరున్నారని, వాళ్లు భార్యాభర్తలని, నాకు ముందునుంచీ తెలుసని. ఒకాయన దీన్ని మోసం అంటారన్నాడు. అవునన్నాను. ఇంటికొకటే పాసిచ్చి ఇద్దరు చేసే పని చేయించుకున్నదాన్ని ఏమంటారో కూడా చెప్పమన్నాను.

తర్వాత హైమవతి లేచింది. ఆవిడ లేస్తుందని నేను అనుకోలేదు. పెద్ద కంపెనీ తీసేసిన నీడల్ని తను మళ్లీ మొదలుపెట్టి ఇళ్ల దగ్గర నడవనిచ్చానని చెప్పి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. పదిహేనేళ్లలో తీసేసినవాళ్లు పన్నెండువందల మంది పైచిలుకు. అందులో నాలుగువందల మందికి రెండేళ్ల యార్డు గాలికే ఊపిరితిత్తులు సగమైపోయాయి. యంత్రాలు ఆగిన గంటలు మీరడిగారు, ఇవి మనుషులు ఆగిన గంటలు అంది.

కోదండపాణి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అతని మొహంలో ఏదో కదిలింది, అది అబద్ధం కాదు. తర్వాత మడతపెట్టి ఫైలు అడుగున ఉంచాడు. "నా మీదివాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే," అన్నాడు. "దానికి దీంట్లో జవాబు లేదు."

పదిహేనేళ్ల పని పెద్ద కంపెనీకి వెళ్లింది.

ఆ రోజు నుంచి చెప్పుకోదగ్గ గొప్పలేమీ లేవు. పెద్ద కంపెనీ మావాళ్లలో నూట అరవై మందిని తీసుకుంది. రెండేళ్లు నిండగానే సగం మందిని ఇంటికి పంపింది. నాలుగేళ్లకి మిగతా సగాన్ని. ఆ కాగితంలో రాసినట్టే. సంఘం బోర్డు ఇప్పుడు మా ఇంటి వెనక గోడకి ఆనించి ఉంది. ఊళ్లో ముప్పై ఇళ్ల వాళ్లు నాతో మాట్లాడరు. నా సొంత తోడల్లుడు నన్ను చూస్తే రోడ్డు దాటిపోతాడు. వాళ్లని తప్పుపట్టను. ఒక మనిషి ఊపిరి కోసం రెండువందల ఇళ్ల పదిహేనేళ్లు వదిలేశాను. న్యాయం చేశానని ఎవరైనా వచ్చి నా వీపు తడితే ఆ చెయ్యి తీసేయమంటాను. ఒకరిని చంపకపోతే ఇంకొకరికి అన్నం లేని లెక్క గీసినవాడు ఎవడో వాణ్ణి పట్టుకోవాలి గాని నన్ను మెచ్చుకుంటే ఏం లాభం.

అసిరమ్మని మాత్రం ఉంచుకున్నారు. అమ్మోనియా యార్డుకి ఆ ఎడమచెయ్యి తప్ప గతిలేదని రెండో నెలలోనే తెలిసింది. హైమవతి తన నివేదికలో ఆమె పేరు రాసింది, నంబరు కాదు. యార్డులో ఆడవాళ్లు కూడదన్న నిబంధన ఒక మంగళవారం చప్పుడు లేకుండా ఎగిరిపోయింది. ఆమె ఒకటే షరతు పెట్టింది. రెండు పూటలూ ఒక్కతే చెయ్యదు, పక్కన ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి సొంత పాసు ఉండాలి. ఇచ్చారు.

ఇది ఆరో ఏడు. ఆగస్టు.

నెల మొదటి నుంచీ నేను రోజూ ఏదో ఒక పని పెట్టుకుని గేటు వైపు వెళ్తున్నాను. హైమవతి కూడా రెండుసార్లు ఫోన్ చేసింది, ఏమీ అడగలేదు, అక్కడ వానలెలా ఉన్నాయంది. బాగానే ఉన్నాయన్నాను.

ఇవాళ ముప్పై ఒకటో తారీకు. ఒంటిగంట సైరను మోగకముందే షెడ్డు పక్కన నిలబడ్డాను. సూరప్పడు రోడ్డు మీద వస్తున్నాడు. చిక్కిపోయాడు, కరెంటు స్తంభం స్తంభానికీ ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా క్యారేజీ చెయ్యి మార్చుకుంటున్నాడు. నన్ను చూసి, ఇంకా పోలేదులే బావూ, రేపు రా అన్నాడు.

సైరను మోగగానే అసిరమ్మ కోటుతోనే బయటికొచ్చింది. చేతి తొడుగులు విప్పి నడుముకి దోపుకుంది. ఇద్దరూ షెడ్డులో బల్ల మీద కూర్చున్నారు. ఆమె క్యారేజీ గిన్నెలు విడదీసింది. మూతలో కొంత అన్నం పెట్టి అతని ముందుకి జరిపింది. నేను తిన్నానే అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

నేను గడియారం చూశాను. ఒంటిగంటా నాలుగు నిమిషాలు. పులుసులో ఉప్పు ఎక్కువేశావని ఆమె అతన్ని తిడుతోంది. ఇంకా సగం కూడా తినలేదు.